‘మూలికే కదా!’ అన్న మాట

ఆ సాయంత్రం అస్ర్ నమాజు ముగిసింది. అందరూ లేచి వెళుతున్నారు. పూర్ణా మార్కెట్‌లో ముప్పై ఏళ్లుగా బస్తాలు మోసిన ఒక కళాసీ సోదరుడు మాత్రం చివరి వరుసలో కుర్చీ మీదనే కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నాడు. పక్కన ఆయన కుమారుడు నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు మా మదరసాలో ఖుర్‌ఆన్ పఠనం నేర్చుకున్న పిల్లవాడే. ఇప్పుడు ఇరవై రెండేళ్ల యువకుడు. అతని చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా.

“ఉస్తాద్ జీ, అబ్బా కోసం తెచ్చాను. మా జిమ్ పక్కనున్న దుకాణంలో ఇచ్చారు. పసుపు సారం, అందుగు చెట్టు బంక సారం, మిరియాల సారం. అన్నీ మూలికలే. వాపు తగ్గుతుందట, కండ పడుతుందట. నేనూ వేసుకుంటున్నాను. అబ్బా మాత్రం మిమ్మల్ని అడగనిదే ముట్టనంటున్నారు” అన్నాడు.

తండ్రి ఏమీ అనలేదు. నా ముఖంలోకి చూసి తల దించుకున్నాడు. ఆ మౌనానికి కారణం నాకు తెలుసు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం కూడా అదే.

రెండేళ్ల క్రితం ఇదే మనిషి, ఇదే వేళకు, ఒక పొడి పొట్లం తెచ్చి నాకు చూపించాడు. మోకాళ్ల నొప్పులకని ఊరూరా తిరిగి మందులమ్మే వ్యక్తి ఎవరో ఇచ్చాడట. పొట్లం మీద పేరు లేదు, ఊరు లేదు. “హజ్రత్, వాడవచ్చునా?” అని అడిగాడు. నేను వాసన చూశాను. పసుపు, శొంఠి వాసన వచ్చింది. “మూలికే కదా భాయి, హాని ఏముంటుంది? బిస్మిల్లాహ్ అని వాడుకో” అన్నాను. నాకు తెలియని విషయంలో, తెలిసినవాని గొంతుతో చెప్పిన మాట అది.

మూడు రోజుల్లో నొప్పి మాయమైంది. ఆయన సంతోషంతో నాకు దుఆలు ఇచ్చాడు. నెలలు గడిచాయి. ముఖం ఉబ్బింది. బలం వచ్చిందని అందరం అనుకున్నాం. తర్వాత ఒకనాడు సజ్దా నుండి లేవబోయి లేవలేక, రెండు చేతులూ నేలకు ఆనించి, పక్కవారి భుజం పట్టుకుని లేచాడు. క్వింటాలు బస్తాను వీపున వేసుకుని నడిచిన మనిషి! తొడల్లో కండ కరిగిపోయింది. రక్తంలో చక్కెర పెరిగింది. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుడు ఆయన ముఖాన్నీ చర్మాన్నీ చూసి, రక్త పరీక్ష చేయించి, “ఇన్నాళ్లూ మీరు తిన్నది స్టెరాయిడ్ కలిపిన మందు” అని తేల్చాడు. అప్పటికి పొట్లం ఖాళీ. అమ్మినవాడు ఊరు మారిపోయాడు. మిగిలింది నేను, నేనన్న మాట.

కనుక ఈసారి నేను జవాబు చెప్పలేదు. “కూర్చోండి, డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నదో ముందు చదువుదాం” అన్నాను. ఆ సాయంత్రం మొదలైన చదువు కొన్ని వారాలు సాగింది. తెలిసిన వైద్యులను అడిగాను, పుస్తకాలు తిరగవేశాను. అలా తెలుసుకున్నదాన్ని పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాను.

వాపు శత్రువా?

మొదట తెలుసుకోవలసినది వాపు గురించి. దెబ్బ తగిలినచోట ఎర్రబడడం, వేడెక్కడం, ఉబ్బడం, నొప్పి పుట్టడం దేహం తనను తాను కాపాడుకునే ఏర్పాటు. బరువు మోసినప్పుడు కండరాల్లోని సన్నని పోగులు అక్కడక్కడా చిట్లుతాయి. అప్పుడు రక్తంలోని రక్షక కణాలు అక్కడికి చేరి, చెడినదాన్ని తొలగిస్తాయి. వాటి సంకేతాలను అందుకుని కండరంలోని మూలకణాలు మేల్కొని కొత్త పోగులు అల్లుతాయి. వ్యాయామం చేసిన మరునాడు ఒళ్లు నొప్పులు పుట్టి, తర్వాత బలం పెరగడంలోని మర్మం ఇదే. ఈ కొద్దిపాటి వాపు మేలు చేసేది.

పని ముగిసినా చల్లారని వాపు వేరు. అరిగిన కీళ్లలో, స్థూలకాయంలో, మధుమేహంలో అది ఏళ్ల తరబడి నిప్పు కణికలా రగులుతూ కీలును తినివేస్తుంది, కండరాన్ని బలహీనపరుస్తుంది. వైద్యం కావలసినది దీనికి. వాపు తగ్గించే ఏ వస్తువునైనా చేత పట్టుకున్నప్పుడు, మనం ఏ వాపును తగ్గించబోతున్నామో అడిగి తీరాలి.

డబ్బా మీది మొదటి పేరు: పసుపు

పసుపును లాటిన్ శాస్త్ర నామంలో కుర్కుమా అంటారు. ఆ మాట మన అరబీ ‘కుర్కుమ్’ నుండి వెళ్లినదే. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు యార్డుల పేర్లు తెలియని తెలుగువారు ఉండరు. పసుపు రంగుకూ గుణానికీ మూలమైన పదార్థం కర్కుమిన్. పసుపు పొడిలో ఇది సుమారు నూటికి మూడు పాళ్లు ఉంటుంది. చెంచా పొడి మూడు గ్రాములనుకుంటే అందులో కర్కుమిన్ దాదాపు 90 మిల్లీగ్రాములు. ఆ డబ్బాలోని ఒక్కొక్క క్యాప్సూల్‌లో నూటికి 95 పాళ్ల శుద్ధి గల సారం 500 మిల్లీగ్రాములు ఉన్నది. అంటే ఒక్క క్యాప్సూల్ అయిదు చెంచాల పసుపుకు సమానం. పప్పులో చిటికెడు వేసే ఇల్లాలి పసుపుకూ దీనికీ పేరు ఒకటే. మోతాదు మాత్రం ఒకటి కాదు.

ఇది పనిచేస్తుందా? కొంత చేస్తుంది. థాయిలాండ్ వైద్యులు మోకాలి కీళ్ల అరుగుదల గల 367 మందిపై జరిపిన పరిశోధన 2014లో వెలువడింది. కొందరికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, మిగిలినవారికి 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ నాలుగు వారాలపాటు ఇచ్చారు. నొప్పి తగ్గించడంలో పసుపు సారం ఐబుప్రొఫెన్‌కు తీసిపోలేదు. కడుపులో బాధ పసుపు సారం వాడినవారిలో తక్కువగా కనబడింది. ఇది మేలైన వార్తే. అయితే అది నాలుగు వారాల మాట. ఏళ్ల తరబడి వాడుకకు అది సాక్ష్యం కాజాలదు.

రెండవ పేరు: కుందుర్

తెలుగులో అందుగు అనే చెట్టు బంకను యునానీ హకీములు కుందుర్ అంటారు. ధూపానికి వాడే లుబాన్ ఈ జాతి చెట్ల నుండే వస్తుంది. దీనిపై పేరు పొందిన పరీక్షలలో ఒకటి మన గడ్డ మీదనే జరిగింది. విజయవాడలోని లైలా ఇంపెక్స్ పరిశోధన కేంద్రం వారు ఈ బంక నుండి తయారు చేసిన సారాన్ని ఏలూరులోని అల్లూరి సీతారామరాజు వైద్య విజ్ఞాన సంస్థలో 75 మంది మోకాలి రోగులపై 90 రోజులు పరీక్షించారు. కొందరికి రోజుకు 100 మిల్లీగ్రాములు, కొందరికి 250 మిల్లీగ్రాములు, మరికొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికీ తెలియదు, పరీక్షించే వైద్యునికీ తెలియదు. సారం వాడినవారిలో నొప్పి తగ్గింది, నడక మెరుగుపడింది. ఫలితాలు 2008లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయ్యాయి.

తయారీదారుని శాస్త్రవేత్తలే పరిశోధనలో పాల్గొన్నారన్న సంగతిని మనం గుర్తుంచుకోవాలి. అందుకే బయటివారి పరిశీలన అవసరం. కాక్రేన్ అనే స్వతంత్ర సంస్థ 2014లో ఇటువంటి పరీక్షలను బేరీజు వేసింది. నొప్పిని నూరు మార్కులతో కొలిస్తే ఉత్తుత్తి మాత్ర వాడినవారికి 90 రోజుల చివర 40 ఉండగా, ఈ శుద్ధి చేసిన సారం వాడినవారికి 23 ఉన్నదని లెక్క తేల్చింది. నొప్పి తగ్గింది, పోలేదు. అరిగిన కీలు మళ్లీ మొలిచిందని ఎవరూ చెప్పలేదు.

మూడవ పేరు: మిరియం

మిరియాల సారమైన పైపరిన్ ఎందుకు కలిపారని యువకుడు అడిగాడు. కర్కుమిన్ పేగుల నుండి రక్తంలోకి చాలా కొద్దిగానే చేరుతుంది. చేరినదాన్ని కాలేయం త్వరగా బయటకు పంపివేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు రెండు గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి మనుషులకు ఇవ్వగా, రక్తంలోకి చేరే కర్కుమిన్ దాదాపు 20 రెట్లు పెరిగింది. మిరియం కాలేయం అనే కాపలాదారుని చేతులు కొంతసేపు కట్టివేస్తుంది. ఆ సమయంలో మరే మందు కడుపులో ఉన్నా అది కూడా ఎక్కువగా లోపలికి పోవచ్చు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందుల విషయంలో ఇది గమనించబడింది. రోజూ మాత్రలు వేసుకునే పెద్దలున్న ఇంట ఈ మూడవ పేరును చిన్న చూపు చూడరాదు.

కండరం సంగతి

“మరి కండ పడుతుందన్నారు కదా?” అన్నది యువకుని అసలు ప్రశ్న. కఠిన వ్యాయామం తర్వాత వచ్చే ఒళ్లు నొప్పులను కర్కుమిన్ కొంత తగ్గిస్తుందని చిన్న చిన్న పరిశోధనలు చూపాయి. కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే సూచికలు కూడా కొన్నింటిలో తగ్గాయి. కానీ నొప్పి తగ్గడం వేరు, కండ పెరగడం వేరు. క్యాప్సూల్ కండను నిర్మించదు. నిర్మించేవి శ్రమ, ఆహారం, నిద్ర.

ఇంకొక మాట యువకులు ఆలోచించాలి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థవారు 2017లో వెలువరించిన పరిశోధనలో, యువతీ యువకులు ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేశారు. రోజూ 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ వేసుకున్నవారి తొడ కండరం 3.7 శాతం పెరగగా, కొద్ది మోతాదు ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 7.5 శాతం పెరిగింది. వాపును గట్టిగా అణచివేస్తే కండర నిర్మాణానికి పిలుపు కూడా అణగిపోయిందన్నమాట. వృద్ధులలో జరిగిన వేరొక పరిశోధనలో ఇట్టి నష్టం కనబడలేదు. ఆ మందు ఐబుప్రొఫెన్, ఈ మందు పసుపు. కాబట్టి ఆ ఫలితాన్ని దీనికి అంటగట్టను. కానీ ఆరోగ్యవంతుడైన ఇరవై రెండేళ్లవాడు ప్రతి వ్యాయామం తర్వాత వాపును చంపే వస్తువు వెదకడం తెలివైన పని కాదని చెప్పడానికి ఇది చాలు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, కండ కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని హితవు చెప్పింది. పప్పు, గుడ్డు, పాలు, చేప మన ఇంటికి దూరమైనవి కావు. ఆ డబ్బా వెల తండ్రి రెండు రోజుల కూలి. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ ఎన్ని రోజులు గుడ్డు, చేప వస్తాయో లెక్క వేయమన్నాను. యువకుడు నవ్వి తల గోక్కున్నాడు.

మూలికకు హాని లేదా?

నేను చేసిన తప్పు ఇక్కడే ఉన్నది. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న వారిని పరిశీలించే వైద్య బృందం 2022లో, పసుపు ఉత్పత్తుల వల్ల అలా జరిగిన 10 మంది వివరాలు ప్రకటించింది. అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు మరణించారు. పది మందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉన్నది. కొన్ని ఉత్పత్తులలో మిరియం సారం కూడా కనబడింది. కోట్లమంది వాడే వస్తువుకు పది మంది తక్కువే. కానీ ఆ లక్షణం తనలో ఉన్నదో లేదో వేసుకునేవానికి ముందుగా తెలియదు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా దురద, ఆకలి చచ్చిపోవడం కనబడితే వెంటనే ఆపి వైద్యుని వద్దకు వెళ్లాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా ఈ సారాలను ముట్టరాదు.

రెండవ హాని కల్తీ. బంగ్లాదేశ్‌లో మెరుపు కోసం పసుపుకు సీసం గల రంగు పూసేవారు. 2019లో అక్కడి మార్కెట్ నమూనాలలో 47 శాతంలో సీసం బయటపడింది. పరిశోధకులు చెప్పగా ప్రభుత్వం దాడులు జరిపి, ప్రజలను హెచ్చరించింది. 2021 నాటికి ఆ కల్తీ సున్నాకు చేరింది. పూనుకుంటే ఆపవచ్చునని దీని పాఠం. మన వంతుగా, పూర్ణా మార్కెట్‌లో దొరికే పసుపు కొమ్ములు కొని మర ఆడించుకుంటే మేలు. కొమ్ము మరీ మెరిసిపోతూ, చేతికి రంగు అంటుకుంటే వదిలివేయండి.

మూడవది, అన్నింటికంటే ఘోరమైనది, మూలిక పేరుతో స్టెరాయిడ్ అమ్మడం. ఇది మన వీధుల్లోనే జరిగేది కాదు. కీళ్ల నొప్పులకని అమ్ముతున్న ఒక మూలికా ఉత్పత్తిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు దాగి ఉన్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. స్టెరాయిడ్ వైద్యుని చేతిలో ప్రాణదాత. మోతాదు తెలియకుండా నెలల తరబడి తింటే ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, తొడల, భుజాల కండ కరుగుతుంది. నొప్పి తగ్గించినదే కండను తినివేస్తుంది. పేరు లేని పొడితో రెండు మూడు రోజుల్లోనే నొప్పి పూర్తిగా పోయిందంటే సంతోషించకండి, అనుమానించండి. మూలికలు అంత త్వరపడవు. ఇంకొక హెచ్చరిక: అటువంటి పొడిని నెలలుగా వాడినవారు భయపడి ఒక్కసారిగా మానరాదు. దేహం తన సొంత హార్మోనును తయారు చేయడం మరచిపోయి ఉంటుంది. ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుడే మెల్లమెల్లగా తగ్గించాలి.

పెద్దలు నేర్పిన పరీక్ష

“మన హకీములు ఇవన్నీ చూశారా?” అని కొందరు అడుగుతారు. చూశారు. ఇబ్న్ సీనా (980–1037) తన అల్ ఖానూన్ రెండవ భాగంలో మందును పరీక్షించడానికి ఏడు షరతులు పెట్టారు. మందులో పరాయి గుణమేదీ కలిసి ఉండరాదు. ఫలితం ఒక్కసారి కనబడితే చాలదు, ఎప్పుడూ లేదా చాలాసార్లు కనబడాలి. జంతువుపై పనిచేసినది మనిషిపై పనిచేస్తుందని నమ్మరాదు, మనిషి దేహంపైనే పరీక్షించాలి. వెయ్యేళ్ల నాటి ఆ షరతులనూ ఏలూరు పరీక్షనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే తోవలోనివని తెలుస్తుంది. మూలికలను గౌరవించిన మన పెద్దలు వాటిని గుడ్డిగా నమ్మలేదు. వారి పేరు చెప్పుకుని నేను వాసన చూసి ఫత్వా ఇచ్చినట్లు మాట్లాడాను. అది వారి మార్గం కాదు.

కొనేముందు

ఇకమీదట ఇటువంటి డబ్బా ఇంటికి వస్తే ముందు పెట్టె మీది అక్షరాలు చదవండి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. హెల్త్ సప్లిమెంట్ అయితే ఔషధ వినియోగానికి కాదని కూడా వ్రాసి ఉండాలి. ఆ మాట తయారీదారే ఒప్పుకున్నాక, దానితో జబ్బు నయమవుతుందని దుకాణదారు చెబితే నమ్మనక్కరలేదు. ఆయుర్వేద, యునానీ మందులకు వేరే లైసెన్సు ఉంటుంది. ఏదీ లేని పొట్లాన్ని ఎవరిచ్చినా కొనకండి.

మన పాఠకులకు ప్రత్యేకించి మరొక మాట. క్యాప్సూల్ పైతొడుగు చాలాసార్లు జిలాటిన్‌తో చేస్తారు. అది పశువుల, లేదా పందుల చర్మం, ఎముకల నుండి వస్తుంది. మాంసాహార గుర్తు ఏ జంతువో చెప్పదు. ఆకుపచ్చ గుర్తు గల శాకాహార తొడుగు క్యాప్సూళ్లు కూడా దొరుకుతున్నాయి. హలాల్ విషయంలో జాగ్రత్తపడే మనం దేహం విషయంలోనూ అంతే జాగ్రత్త పడాలి. దేహం కూడా మనకు అప్పగించబడిన అమానతే.

చివరగా, వేసుకుంటున్న ప్రతి మాత్రనూ, ప్రతి పొడినీ వైద్యునికి చూపండి. “మూలికే కదా, చెప్పడమెందుకు” అని దాచకండి.

మరునాడు ముగ్గురం కలిసి ఆ డబ్బాతో ఆసుపత్రికి వెళ్లాం. వైద్యుడు పేర్లు చదివి, సోదరుడు వాడుతున్న చక్కెర మాత్రలు చూసి, కాలేయ పరీక్ష వ్రాశాడు. “ఇది చెడ్డదని అనను. మీకు ఇప్పుడు అవసరం లేదు. తొడకు వ్యాయామం, రోజూ గుడ్డు, పప్పు, అదే మీ మందు” అన్నాడు. కుమారుని వంక తిరిగి, “నీకైతే ఎప్పుడూ అవసరం లేదు” అన్నాడు.

ఇప్పుడు ఆ సోదరుడు రోజూ ఉదయం కుర్చీలో కూర్చుని పదిసార్లు లేచి కూర్చుంటాడు. కుమారుడు పక్కన నిలబడి లెక్క పెడతాడు. బస్తాలు మోయడం మానివేశాడు. ఒక పచారీ అంగడిలో తూకం దగ్గర పని దొరికింది. పోయిన నెల జుమా నాడు కుర్చీ పక్కకు జరిపి వరుసలో నిలబడ్డాడు. సజ్దా నుండి లేచేటప్పుడు ఒక చేయి నేలకు ఆనించాడు, రెండవది ఆనించలేదు. నేను ఆ రకాతు అంతా ఆ చేతినే చూస్తూ ఉండిపోయానేమో, అల్లాహ్ క్షమించుగాక.

నమాజు తర్వాత ఆయన వద్దకు వెళ్లి, రెండేళ్లుగా నోట రాని మాట చెప్పాను: “భాయి, ఆ రోజు తెలియక చెప్పాను. నన్ను మన్నించు.” ఆయన నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, “హజ్రత్, ఈసారి తెలియదన్నారు కదా, అదే నాకు మేలు చేసింది” అన్నాడు.